స్త్రీపర్వం లేని యుద్ధకథలు



నా పుస్తకాల బీరువాలో కింది అరలో ఒకే రచయిత వ్రాసిన ఆంగ్ల నవలలు పద్నాలుగు వరుసగా ఉన్నాయి. తొమ్మిదవ నవలలో, కథ ముగింపుకు వస్తున్న చోట, పాత పోస్టుకార్డు ముక్క ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. అది అక్కడ పెట్టి మూడు సంవత్సరాలు కావస్తున్నది. మొదటి ఎనిమిది నవలలను రాత్రులు మేలుకొని, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివినవాణ్ణి, తొమ్మిదవ దానిలో చివరి అరవై పుటలు చదవలేక ఎందుకు మూసివేశానో చాలాకాలం నాకే బోధపడలేదు. పుస్తకం బాగాలేదా అంటే, అట్లా అనలేను. వయసు మళ్ళి ఓపిక తగ్గిందా అంటే, అదీ కాదు. ఆ వెంటనే తిక్కనగారి ద్రోణపర్వాన్ని మొదటి నుండి చివరి వరకు మరొకసారి చదివాను. ఆ కారణమేమిటో వెదకడమే ఈ టపా ఉద్దేశం. వెదుకుతూ మా గుర్రంకొండ దాకా పోవలసి వచ్చింది. ఓపికతో చదవగలరు.

ఆ నవలలు బెర్నార్డ్ కార్న్‌వెల్ అనే ఇంగ్లీషు రచయితవి. ఆయన 1944లో లండనులో జన్మించాడు. టెలివిజనులో ఉద్యోగం చేస్తూ, ఒక అమెరికా వనితను ప్రేమించి ఆ దేశానికి వెళ్ళిపోయాడు. అక్కడ ఉద్యోగం చేయడానికి అనుమతి పత్రం దొరకలేదు. నవల వ్రాయడానికి ఏ ప్రభుత్వపు అనుమతీ అక్కరలేదు గనుక నవల వ్రాయడానికి కూర్చున్నాడు. ఫారెస్టర్ అనే పూర్వరచయిత హార్న్‌బ్లోయర్ అనే నావికాధికారిని నాయకుణ్ణి చేసి వ్రాసిన సముద్రయుద్ధ నవలలంటే ఆయనకు చిన్ననాటి నుండి ప్రాణం. అటువంటి నాయకుణ్ణి నేల మీద నడిపిద్దామని రిచర్డ్ షార్ప్ అనే సైనికుణ్ణి సృష్టించాడు. మొదటి నవల 1981లో వెలువడింది. 2021లో ఒకటి, 2023లో ఒకటి వచ్చాయి. నలభై ఏళ్ళు దాటినా ముగియని కథ అది.

షార్ప్ రాజకుమారుడు కాడు, సామంతుడు కాడు. తండ్రి ఎవరో తెలియని లండను అనాథ. చదువు రాదు. ఆనాటి ఇంగ్లీషు సైన్యంలో అధికారి పదవులను డబ్బు పెట్టి కొనుక్కొనేవారు. అటువంటి సైన్యంలో మామూలు సిపాయిగా చేరి, పై అధికారుల ఈసడింపును సహిస్తూ, ఒక్కొక్క మెట్టే ఎక్కి అధికారి అవుతాడు. పాఠశాలలో మొదటి వరుస బెంచీల మీద కూర్చునే పిల్లల కంటె చివరి వరుసలో కూర్చునే పిల్లలను ఎక్కువగా చూసినవాణ్ణి నేను. అటువంటివాడొకడు పైకి వస్తూ ఉంటే చదవడానికి నాకు సంతోషమే కలిగింది.

తెలుగు పండితుడికి ఈ పుస్తకాలెట్లా దొరికాయని మీరడగవచ్చు. నాకు ఒక్కడే తమ్ముడు. సైన్యంలో లారీ డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. తరువాత బెంగుళూరులో కాపలా ఉద్యోగం. అక్కడి అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగళ్ళున్నాయి. నేను ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక పాత పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అట్ట మీద కోట, పొగ, పులి బొమ్మ. "టిప్పు సుల్తాన్ కతంట నా, శ్రీరంగపట్నం లడాయి. నీకి నచ్చుతాదని తెచ్చినా" అన్నాడు. అదే ఈ వరుసలో కథాక్రమాన్ని బట్టి మొదటిదైన 'షార్ప్స్ టైగర్'. ఆ పైన పండుగకొకటి, తిరునాళ్ళకొకటి తెచ్చేవాడు. అవి ఇచ్చి, పుచ్చుకొని, చావడిలో కూర్చొని నేను కథ చెబుతూ ఉంటే వాడు వింటూ ఉండడం మా ఇద్దరికీ అలవాటైపోయింది. అందుచేత ఈ నవలలు చదవడం మానడమంటే కేవలం పుస్తకం మూయడం మాత్రమే కాలేదు నాకు.

మొదటి నవల నన్ను కట్టిపడవేసిన మాట నిజం. కారణం ఊరి అభిమానమే. శ్రీరంగపట్నం 1799 మే 4వ తేదీన పడిపోయింది. మాకు అది పరదేశపు కథ కాదు. హైదరాలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలీసు ప్రభువు టిప్పు మీదికి దండెత్తినప్పుడు, ఆంబూరు కనుమకు పోతున్నట్లు భ్రమ కలిగించి, హఠాత్తుగా మళ్ళి మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు మీదుగా మైసూరు పీఠభూమికి చేరుకొన్నాడు. ఈనాడు చిత్తూరు నుండి పలమనేరు పోయే బస్సు ఎక్కే కనుమే అది. ఈ నేల మీద నడిచిన సైన్యాల కథను ఎవరో దూరదేశపువాడు వ్రాస్తే, తెలిసినవాడి ఉత్తరంలా చదివాను.

ఆ నవలలో షార్ప్ 33వ పటాలంలో సిపాయి. తరువాతి కాలంలో వెల్లింగ్టన్ ప్రభువైన ఆర్థర్ వెల్లెస్లీ ఆ పటాలానికి అధిపతి. ఒక దుష్టుడైన సార్జెంటు కుట్ర వలన షార్ప్‌కు కొరడా దెబ్బల శిక్ష పడుతుంది. ఆ దెబ్బల వర్ణన చదివితే, దొరల సైన్యమంటే ఎర్రకోటు బొమ్మలు కాదనీ, అవి కూడా వీపులు చీలిన మనుషులవేననీ తెలుస్తుంది. టిప్పు చెరసాలలో ఒక యువ అధికారి ఇతనికి అక్షరాలు నేర్పుతాడు. బడిపంతులునైన నాకు ఆ ఘట్టం ఎంత ఇష్టమో వేరే చెప్పనక్కరలేదు. టిప్పును కూడా రచయిత కేవలం రాక్షసుడిగా నిలబెట్టలేదు. ఆయన ధైర్యానికి ఇవ్వవలసిన గౌరవం ఇచ్చాడు.

ఇంకొక మంచి గుణం. ప్రతి నవల చివర ఒక చారిత్రక వివరణ ఉంటుంది. ఏది జరిగింది, ఏది తాను కల్పించింది అని రచయిత తానే ఒప్పుకుంటాడు. టిప్పును చంపిన సిపాయి ఎవరో చరిత్రకు తెలియదు. ఆ ఖాళీ జాగాలో షార్ప్‌ను నిలబెట్టి, చివర ఆ మాట చెప్పేశాడు. మన చారిత్రక నవలాకారులలో ఇంత విప్పి చెప్పినవారు తక్కువ.

మన నవలల ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. తెలుగులో చారిత్రక నవలకు కొదువ లేదు. 1906లో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి పోటీలు పెట్టి మరీ చారిత్రక నవలలు వ్రాయించింది. కేతవరపు వేంకటశాస్త్రిగారి 'రాయచూరు యుద్ధము' పేరులోనే యుద్ధాన్ని పెట్టుకొన్నది. బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' ఒకే కాకతీయ యుగాన్ని రెండు కళ్ళతో చూపిస్తాయి. సుదీర్ఘమైన వరుస అంటే విశ్వనాథవారిదే. పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు, నేపాళ రాజవంశము మీద ఆరు, కాశ్మీర రాజవంశము మీద ఆరు. పురాణవైర గ్రంథమాల వెనుక కోట వెంకటాచలంగారి కాలగణన ఉన్నది. అలెగ్జాండరు కాలపు చంద్రగుప్తుడు మౌర్యుడు కాడనీ గుప్తుడనీ, మౌర్యుడు క్రీస్తుకు పూర్వం 1534 నాటివాడనీ ఆ గణన. చరిత్రకారులు దానిని ఒప్పుకోలేదు. నేను కూడా తరగతిలో దానిని చెప్పలేదు. అయినా ఆ పన్నెండింటిని చివరి వరకు చదివాను. అక్కడ పోరు కత్తులది కాదు, అభిప్రాయాలది. ప్రతి నవలలోనూ రచయిత నాతో జగడమాడుతూనే ఉన్నాడు. జగడమాడేవాడి దగ్గర నిద్ర రాదు కదా!

షార్ప్ కథకు వద్దాం. రెండవ నవల అస్సయే యుద్ధం. 1803 సెప్టెంబరు 23న, ఈనాటి మహారాష్ట్రంలో, వెల్లెస్లీ మరాఠాల మీద గెలిచిన యుద్ధం. ఆయన పక్షాన చచ్చినవారు, గాయపడినవారు సుమారు 1,600 మంది. వెల్లెస్లీ ఎక్కిన గుర్రాలు ఆ రోజు ఒకటి కాదు, రెండు దెబ్బతిన్నాయి. నవలలో షార్ప్ ఆయన ప్రాణం కాపాడి, ఆ పుణ్యంతో అధికారి అవుతాడు. బాగుంది. కాని వెల్లెస్లీ వెంట ఆ రోజు పోరాడిన పదాతిదళాలలో రెండే స్కాట్లండు పటాలాలు. అయిదు మదరాసు సిపాయి పటాలాలు. ఆ మదరాసు సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తర హిందూస్థానంలో సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారు. మన జాతి పేరే అక్కడ ఉద్యోగం పేరు అయిపోయింది. ఆ తిలంగాలు నవలలో ఒక వరుసగా నడుస్తారు, ఒక వరుసగా పడిపోతారు. అప్పటికి ఈ సంగతి నన్ను బాధించలేదు. షార్ప్ ఏమయ్యాడన్న ఆత్రుతలో పుటలు తిప్పుతూ పోయాను.

మూడవది గావిల్‌ఘర్ కోట. నాల్గవది ట్రఫాల్గర్ సముద్రయుద్ధం. అయిదవది డెన్మార్కు. ఆ తరువాత పోర్చుగల్, స్పెయిను. ఇక్కడి నుండే చిన్న చిన్న అనుమానాలు మొదలైనాయి.

ఈ నవలలు వ్రాసిన క్రమం వేరు, కథాక్రమం వేరు. 1981లో మొదలుపెట్టిన మొదటి నవలలో షార్ప్ అప్పటికే స్పెయినులో ఉన్నాడు. 1990లో వాటర్లూ యుద్ధం వ్రాశాడు. 1992లో, వాటర్లూ తరువాత షార్ప్ దక్షిణ అమెరికాకు పోయిన కథ వ్రాశాడు. అంటే కథ ముగిసింది. ఆ తరువాత 1997లో వెనక్కి తిరిగి శ్రీరంగపట్నం వ్రాశాడు. అప్పటి నుండి నడుమ ఖాళీగా కనబడిన చోటల్లా ఒక్కొక్క నవల ఇరికిస్తూ వచ్చాడు. ఇది తెలిసిన తరువాత పాఠకుడి పరిస్థితి ఏమిటి? కొరడా దెబ్బలు పడుతున్నా, పులుల ముందర నిలబెట్టినా, ఫిరంగి ఎదురుగా ఉన్నా వీడికేమీ కాదు. 1815 దాకా వీడి ఆయువు ముందే అచ్చయిపోయింది. పక్కనున్నవారు మాత్రం పోతారు. ఏ నవలలో కొత్త స్నేహితుడు పరిచయమైతే, వాడు ఆ నవల దాటి పోడని నాకు ముందే తెలిసిపోవడం మొదలైంది. చావడిలో కథ చెబుతూ ఉంటే తమ్ముడు కూడా "వీడు సస్తాడు లే నా" అనేవాడు. ఇద్దరం నవ్వుకొనేవాళ్ళం. ఆ నవ్వు మంచి లక్షణం కాదని అప్పుడు తోచలేదు.

ఎనిమిదవది తలవేరా యుద్ధం, 1809 జూలై. అందులో షార్ప్ ఫ్రెంచివారి గరుడధ్వజాన్ని పట్టుకొంటాడు. అది వాళ్ళ పటాలాలకు ప్రాణసమానమైన చిహ్నం. నిజానికి తలవేరాలో ఇంగ్లీషువారికి ఏ గరుడధ్వజమూ దక్కలేదు. యుద్ధరంగంలో వాళ్ళు పట్టుకొన్న మొదటిది 1811లో బరోసా దగ్గర. రచయిత చివర ఒప్పుకొన్నాడు గనుక మన్నించాను.

తొమ్మిదవ దానిలో మన్నించలేకపోయాను. అది 1810 నాటి అల్‌మైదా కోట కథ. పోర్చుగల్ సరిహద్దులోని ఆ కోటను ఫ్రెంచివారు ముట్టడించారు. ఆగస్టు 26న కోటలోని మందుగుండు కొట్టు పేలిపోయింది. కారుతున్న పీపా నుండి దారి పొడవునా రాలిన మందు ఫిరంగి గుండు నిప్పుకు అంటుకొని కొట్టు దాకా పాకిందని చెబుతారు. వందల మంది క్షణంలో పోయారు. ఊరు నేలమట్టమైంది. మరునాడు కోట లొంగిపోయింది. ఇది చరిత్ర. నవలలో ఆ పేలుడును తెప్పించింది షార్ప్. బంగారాన్ని దాటించడానికి అతనికి కోట పడిపోవడం అవసరం గనుక, తానే నిప్పు పెడతాడు. చదువుతున్న నాకు చటుక్కున మొదటి నవల జ్ఞాపకం వచ్చింది. శ్రీరంగపట్నంలో కూడా 1799 మే 2న ఫిరంగి గుండు తగిలి ఒక మందుగుండు కొట్టు పేలింది. రచయిత ఆ పేలుడు నుండి ఒక మందుపాతరను కల్పించాడు. దానిని పేల్చిన చేయి కూడా షార్ప్‌దే!

ఇంతమంది చావు ఒక మనిషి యుక్తిగా మారిపోయింది. అతడు అల్‌మైదా నుండి తప్పించుకొంటాడని నాకు తెలుసు. అతని మనసు కొంచెంసేపు బరువెక్కుతుందనీ తెలుసు. తరువాతి నవల నాటికి ఆ బరువు దిగిపోతుందనీ తెలుసు. తపాలా కార్డు ముక్కను అక్కడ పెట్టి దీపం ఆర్పేశాను.

మూసిన పుస్తకం మూసినట్లే ఉన్నది గాని, నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ళ కిందటి సంగతి ఒకటి మనసులో మెదిలింది.

మా పెద్దమండ్యానికి గుర్రంకొండ దూరం కాదు. నిట్రంగా నిలిచిన ఆ కొండ, దాని మీది కోట, కింద రంగీన్ మహలు చూడనివాడు మా వైపు ఉండడు. ఆ కొండను ఒక గుర్రం కావలి కాస్తూ ఉండేదనీ, అది ఉన్నంతకాలం కోటను ఎవరూ గెలువలేకపోయారనీ, ఒక మరాఠా దొంగ దానిని తోలుకొని పోయినప్పుడే కోట పడిపోయిందనీ ఐతిహ్యం. 1875లో గ్రిబుల్ దొర కూర్చిన కడప జిల్లా మాన్యువలు నాటికే అది ప్రసిద్ధమైన కథ. అప్పుడు మదనపల్లె, వాయల్పాడు సీమలు కడప జిల్లావి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి.

ఆ కోట కడప నవాబుల నుండి హైదరాలీ చేతికి వచ్చింది. 1791లో, కారన్‌వాలీసు మైసూరు మీద యుద్ధం సాగిస్తుండగా, నిజాము సైన్యం కొన్ని కంపెనీ పటాలాలతో కలిసి గుర్రంకొండను ముట్టడించింది. కాప్టెన్ రీడ్ అనే అధికారి ఫిరంగులు నడిపించాడు. నవంబరులో కింది కోట పడింది. పై కోట మాత్రం లొంగలేదు. 1792 మార్చిలో శ్రీరంగపట్నం సంధి కుదిరి, టిప్పు తన రాజ్యంలో సగం వదులుకొన్నప్పుడు గుర్రంకొండ నిజాము పాలైంది. 1800లో నిజాము ఈ సీమనంతా కంపెనీకి ధారపోశాడు. దత్తమండలాలు అన్నది అప్పటి పేరే. మన్రో దొర వచ్చి 1807 దాకా ప్రధాన కలెక్టరుగా ఉండి పాళెగాళ్ళను అణచివేశాడు. మాకు దక్షిణాన ఆర్కాటు సీమలో చేరిన పులిచెర్ల, కల్లూరు వంటి పాళెములు 1804లో తిరగబడి ఓడిపోయాయి.

నేను ఉద్యోగంలో ఉన్న రోజులలో పిల్లలను గుర్రంకొండకు విహారయాత్రకు పిలుచుకొని పోయాను. కొండ మీద నిలబడి ఈ కథనంతా చెప్పాను. నవాబు పేరు, సుల్తాను పేరు, దొర పేరు, సంవత్సరాలు. గొంతు పెంచి, చేతులు తిప్పి, నవలలో చదివిన హంగులు నాలుగు కలిపి మరీ చెప్పాను. అంతా విని ఏడవ తరగతి ఆడపిల్ల ఒకతె లేచి, "సార్, ఇంతెత్తుకు గుండ్లు, బియ్యం, నీళ్ళు ఎవురు మోసినారు సార్?" అని అడిగింది. ఆ పిల్ల వాళ్ళమ్మ మా ఊరి రోడ్డు పనిలో రాళ్ళు మోసేది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి ఉండవలసింది. "అది పరీక్షలో రాదులేమ్మా, కూర్చో" అన్నాను. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది. మళ్ళీ ఆ సంవత్సరమంతా నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేసినవాడికి ఇటువంటి అపరాధాలు చాలా ఉంటాయి. కాని అల్‌మైదా దగ్గర పుస్తకం మూసిన రాత్రి ఇదొక్కటే వచ్చి మంచం పక్కన నిలబడింది.

జవాబు పుస్తకాలలో లేకపోలేదు. వెదికితే దొరుకుతుంది. 1791 మే నెలలో కారన్‌వాలీసు శ్రీరంగపట్నం గోడల దాకా పోయి కూడా వెనుదిరిగాడు. ఓడించింది టిప్పు ఒక్కడే కాదు, ఎడ్లు లేకపోవడం. మేత లేక, రోగాలు తగిలి ఫిరంగులు లాగే ఎడ్లు వేలకు వేలు చచ్చాయి. లాగే దిక్కు లేక పెద్ద ఫిరంగులను తానే పగలగొట్టించి, కొన్నిటిని పాతిపెట్టించి, ఖాళీ చేతులతో బెంగుళూరుకు తిరుగుముఖం పట్టాడు. తరువాత ఆ సైన్యాన్ని బ్రతికించినది బంజారాలు. మనం లంబాడీలు అంటాము. ఎడ్ల మీద ధాన్యం వేసుకొని, భార్యాబిడ్డలతో సహా దండు వెంట నడిచే సంచార వ్యాపారులు వారు. ఏ పక్షం డబ్బిస్తే ఆ పక్షానికి ధాన్యం తెచ్చేవారు. వాళ్ళు రాకపోతే కారన్‌వాలీసు 1792లో మళ్ళీ శ్రీరంగపట్నం చూసేవాడు కాడు. అదే కాలంలో దక్కనులో ఘోరమైన కరువు పడింది. పాతిపెట్టేవారు లేక దారుల పక్కన పుర్రెలు తెల్లబడి పడి ఉండినందుకు దానికి పుర్రెల కరువని పేరు వచ్చింది. ఒకవైపు కరువు, ఒకవైపు రెండు మూడు దండుల ఆకలి. ఊళ్ళలో గాదెలు ఏమయ్యాయో ఊహించుకోవచ్చు.

గుర్రంకొండ మీదికి గుండ్లు మోసినవారి పేర్లు మాత్రం ఎక్కడా దొరకలేదు. అయినా ఆ పిల్ల ప్రశ్న పరీక్షలో రాదగినదే. నేను చెప్పిన పేర్లకంటె అదే పెద్ద ప్రశ్న.

ఇక తమ్ముడి సంగతి. 1999లో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు వాడు శ్రీనగరు నుండి లేహ్ పోయే రోడ్డు మీద సైనిక లారీ నడిపాడు. తిరిగి వచ్చినప్పుడు ఊరంతా వాడి చుట్టూ మూగింది. ఎంతమందిని చంపినావని పిల్లలు అడిగారు. "పిండి తోలినా రా, కిరసనాయిలు తోలినా" అన్నాడు. ఊరికి ఆ జవాబు రుచించలేదు. నాకు కూడా రుచించలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. వాడు ఏదో దాస్తున్నాడనీ, అసలు కథ ఎప్పటికైనా చెబుతాడనీ ఇరవై ఏళ్ళు ఎదురు చూశాను. ఆ లోటు తీర్చుకోవడానికే షార్ప్ కథలు అంత ఆబగా చదివానేమో తెలియదు.

పుస్తకం మూసిన తరువాతి వారం వాడు ఊరికి వచ్చాడు. సంచిలో మరొక నవల. చావడిలో కూర్చొని ఆ సంచి వైపు చూస్తూ, చెప్పడానికి మనసొప్పక, చివరకు చెప్పేశాను. "ఇంక నా చేత కాదురా. తొమ్మిదోది మూసేసినాను. నువ్వు ఖర్చు పెట్టి తెస్తా ఉండావు, ఏమనుకోవద్దు" అన్నాను.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "నేనేడ సదివితి నా! ఒకటి తెరిసి చూసినా, నాలుగు పేజీలు. ఆడ బండ్లు యాడా రాలా. అన్నం ఎట్ల వస్తాదో రాయలా. మూసేసినా. నువ్వు కత చెప్తా ఉంటే ఇంటానికి బాగుంటాదని తెస్తా ఉండినా" అన్నాడు.

ఆ సాయంకాలం వాడే చెప్పాడు, నేనడగకుండానే. ద్రాస్ దగ్గర శత్రువుకు రోడ్డు కనబడుతుందట. రాత్రిపూట లైట్లు ఆర్పి, ముందు బండి వెనుక భాగం మాత్రం చూసుకొంటూ నడపాలట. "పొయ్యేటప్పుడు పిండి మూటలు, బూట్లు. వచ్చేటప్పుడు కూడా బండి ఖాళీగా రాదు నా" అన్నాడు. అంతకంటె ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు. వాడి కథ ఇరవై ఏళ్ళ కిందటే ఒక్క మాటలో చెప్పేశాడు, నాకు వినడం చేతకాలేదు.

అయితే యుద్ధకథలంటేనే విసుగు పుట్టిందా? అదే నిజమైతే ద్రోణపర్వం ఎట్లా చదివాను?

మా చిత్తూరు సీమలో భారతం పండుగలు మీరు వినే ఉంటారు. ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్ళలో పద్దెనిమిది రోజులు జరుగుతాయి. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లు వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపసు మాను ఎక్కుతాడు, పైనుండి విసిరే నిమ్మకాయల కోసం బిడ్డలు లేని స్త్రీలు కొంగు పట్టుకొని కింద కూర్చుంటారు. చివరి రోజున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ, భీముడి గద, ద్రౌపది కురులు ముడవడం, సాయంకాలం నిప్పులగుండం. బాల్యం నుండి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. అభిమన్యుడు చచ్చిపోతాడని పాలు తాగే బిడ్డకు తప్ప అందరికీ తెలుసు. అయినా పద్మవ్యూహం నాటి రాత్రి మా ఆడవాళ్ళు కొంగు కళ్ళకు అద్దుకొంటూనే ఉంటారు.

కనుక ముందే తెలియడం విసుగుకు కారణం కాదు. షార్ప్ బ్రతుకుతాడని ముందే తెలుసు, అభిమన్యుడు చస్తాడనీ ముందే తెలుసు. మొదటిది విసుగు పుట్టించింది, రెండవది పుట్టించలేదు. తేడా ఏమిటంటే, భారతంలో చావు ఒక ఇంటి నుండి మనిషిని తీసుకొని పోతుంది. ఆ ఇంట్లో సుభద్ర ఉంటుంది, ఉత్తర ఉంటుంది. షార్ప్ కథలో చచ్చినవాడు పుటలో నుండి మాత్రమే పోతాడు. వాడికి ఇల్లు లేదు.

లెక్క వేసి చూడండి. భారతం పద్దెనిమిది పర్వాలు. మొదటి అయిదు యుద్ధానికి ముందువి. భీష్మ, ద్రోణ, కర్ణ, శల్య, సౌప్తిక పర్వాలు అయిదు యుద్ధానివి. ఆ తరువాత ఎనిమిది పర్వాలున్నాయి. అంటే వ్యాసులవారు యుద్ధానికి ఇచ్చిన పర్వాలకంటె యుద్ధం తరువాతి కాలానికి ఇచ్చిన పర్వాలే ఎక్కువ. అందులో మొట్టమొదటిది స్త్రీపర్వం. గెలిచినవారిని వెంటనే సింహాసనం ఎక్కించకుండా, ముందు గాంధారి ఎదుట నిలబెట్టాడు. యుద్ధభూమిలో ఎవరి శవాన్ని వారు వెదుక్కొనే స్త్రీలను చూపించాడు. అది దాటితే గాని శాంతిపర్వానికి దారి లేదు. దీర్ఘంగా సాగే కథకు నియమం అదేనని నాకిప్పుడు తోస్తున్నది. పది యుద్ధాలు చెప్పినా ఫరవాలేదు, ప్రతి యుద్ధం తరువాత స్త్రీపర్వం ఒకటి ఉండాలి. అది లేకుండా మరుసటి యుద్ధానికి పోతే, వినేవాడి మనసు మొద్దుబారుతుంది. "వీడు సస్తాడు లే" అని మేమిద్దరం నవ్విన నవ్వు ఆ మొద్దుబారడమే.

కార్న్‌వెల్‌ను తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన తాను అమ్మేది ఏమిటో దాచలేదు. సాహసకథ అన్నాడు, సాహసకథే ఇచ్చాడు. చివర ఏది అబద్ధమో చెప్పాడు కూడా. సిపాయిని నాయకుణ్ణి చేసినందుకు ఆయనకు నమస్కారమే. నేనే ఆయన దగ్గర దొరకని వస్తువు కోసం తొమ్మిది సంపుటాలు వెదికాను. అది మా ఇంటి చావడిలోనే కూర్చొని ఉండినది.

ఈ మధ్య ఇద్దరు మనుమలను పిలుచుకొని, తమ్ముడితో కలిసి గుర్రంకొండ పోయాను. నవాబుల పేర్లు చెప్పాను, ఎందుకంటే అవి కూడా తెలియాలి. తరువాత, ఇంతెత్తుకు ధాన్యం ఎట్లా చేర్చి ఉంటారో చెప్పమని తమ్ముణ్ణి అడిగాను. వాడు కొండ వాలు చూసి, మెట్లు చూసి, ఎద్దుకు ఎంత బరువు వేయవచ్చో, ఎక్కడ దింపి మనుషులు మోయాలో, రోజుకు ఎన్ని మార్లు ఎక్కగలరో, నీళ్ళు పైన లేకపోతే ఎన్ని నాళ్ళు నిలవగలరో వేళ్ళ మీద లెక్క వేసి గంటసేపు చెప్పాడు. పిల్లలు కదలలేదు. నేను కూడా కదలలేదు.

ఆ ఏడవ తరగతి పిల్ల ఇప్పుడెక్కడ ఉన్నదో తెలియదు. నలభై దాటి ఉంటుంది. ఎక్కడున్నా, అమ్మా, నీ ప్రశ్న పరీక్షలో వచ్చింది. రాసినవాణ్ణి నేను. పూర్తి మార్కులు రాలేదు.

పోస్టుకార్డు ముక్క ఇంకా తొమ్మిదవ పుస్తకంలోనే ఉన్నది. మీలో ఎవరైనా ఇట్లాగే ఇష్టపడిన వరుసను మధ్యలో వదిలివేసి ఉంటే, ఎక్కడ, ఎందుకు వదిలారో తెలుపగలరు.

స్వస్తి.